ఆషాఢంలో వెళ్లి శ్రావణానికి వచ్చేస్తాను

మొదటిసారి నా బెల్జియం వీసా తిరస్కరించారు. నేను తిరిగి వస్తానన్న నమ్మకం వాళ్లకు కలగలేదట. ఆ కాగితం చదివి ఒళ్లు మండిపోయింది. బెంగళూరు దాటి నాలుగు రోజులు ఎక్కడా ఉండని మనిషిని, అక్కడ ఉండిపోయి ఏం చేస్తాను?

నేను ఇంట్లో రవికలు కుడతాను. చిక్కపేట బజారులో మీటర్ల లెక్కన లేసు కొని అంచులకు కుట్టీ కుట్టీ, బెల్జియంలో ఆడవాళ్లు దాన్ని చేత్తో ఎలా అల్లుతారో ఒక్కసారి కళ్లారా చూడాలనిపించింది. మా ఆయనకు చలి పడదు. అందుకని ఒంటరి ప్రయాణమే.

నిజానికి తప్పు నాదే. దరఖాస్తు నింపిన ఏజెంటు, “హౌస్‌వైఫ్ అని వేసేస్తానమ్మా, సార్ స్పాన్సర్ లెటర్ ఇస్తే సింపుల్‌గా ఉంటాది” అన్నాడు. ఇరవై రెండేళ్లుగా మిషన్ తొక్కుతున్నదాన్ని, అయినా నోరు మూసుకుని సంతకం పెట్టాను. ఇంట్లో చేసే పని పనే కాదని నేనూ ఒప్పుకున్నట్టే కదా!

రెండోసారి ఏజెంటు జోలికి పోలేదు. కుట్టుపనిని చిన్న వ్యాపారంగా రిజిస్టర్ చేయించి, నా పేరు మీద ఆదాయపన్ను రిటర్నులు వేసి, ఏడాది ఆగాను. టికెట్లు, హోటలు, ఇన్సూరెన్సు, అన్నిటి తేదీలూ కలిసేలా పట్టుబట్టి సరిచూశాను. తిరిగి వస్తానని ఎలా నమ్మించాలో మాత్రం తెలియలేదు.

“ఎప్పుడు పోవాలనుకుంటా ఉండావు?” అన్నాడు మా ఆయన.

“ఆషాఢంలో. పెళ్లిళ్లుండవు, మిషన్ ఖాళీ.”

“ఆ మాటే రాయి. శ్రావణంలో అన్ని పెళ్లి రవికలు ఒప్పుకొని ఎవరైనా పారిపోతారా?”

ఆషాఢమంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి నాలుగు కాగితాలు చించాను. నాకు పెళ్లి రవికలు కుట్టడానికిచ్చిన, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే పెళ్లికూతురొకామె తన ముహూర్తం తేదీతో వీసా వాళ్లకు ఉత్తరం రాసిచ్చింది. “మీరు రాకపోతే నా మ్యారేజ్ ఆగిపోతుందని రాయనా ఆంటీ?” అంది. నిజం రాస్తే చాలన్నాను.

వీసా సెంటర్‌లో కౌంటర్ అమ్మాయి నా ఆర్డర్ పుస్తకం కాపీలు తిరగేసింది. “ఇవి లిస్టులో లేవు కదమ్మా?”

“లేకపోయినా పెట్టు తల్లీ. నేను తిరిగొచ్చేది వీటికోసమే.”

మూడు వారాలకు వీసా వచ్చింది. ఆ సాయంత్రమే పక్కవీధి అమ్మాయి రవిక గుడ్డతో వచ్చింది. పై వారానికి కావాలంది.

“కుదరదమ్మా. ఊళ్లో ఉండను.”

“ఆషాఢం కదా, పుట్టింటికా ఆంటీ?”

“కాదు, బెల్జియంకి. పని మీద” అన్నాను. నా కుట్టును పని అని నేను పైకి అనడం అదే మొదలు.