పిన్ని లారీకి గ్రాఫిక్స్ కార్డు

మా బాబాయిని దుకాణంలోంచి పంపేశారు. తప్పు ఆయనది కాదు, ఒక వైరుది.

కంప్యూటర్ల దుకాణంలో పదకొండేళ్లు వెనక బల్ల దగ్గర కూర్చుని, ఆటలాడే వాళ్లకి కంప్యూటర్లు బిగించి ఇచ్చాడు బాబాయి. ఒక రోజు ఒక పెద్దమనిషి వచ్చి, తెర మీద బొమ్మల్ని కదిలించే గ్రాఫిక్స్ కార్డు కొత్తది వేయించుకున్నా ఆట మునుపటిలాగే ఆగి ఆగి నడుస్తోందని, కొత్త డబ్బాలో పాత కార్డు పెట్టి ఇచ్చారని నలుగురి ముందూ గొడవ చేశాడు. "ఒక్కసారి ఇంటికొచ్చి చూస్తానండీ" అన్నాడు బాబాయి. యజమాని వెళ్లనివ్వలేదు. దుకాణం పరువు నిలబడాలంటే దొంగ ఒకడు కావాలి. రేపటి నుంచి రావద్దన్నాడు.

నెల తర్వాత ఆ పెద్దమనిషి బావమరిది బల్ల జరిపి చూస్తే, మానిటర్ వైరు కొత్త కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి తగిలించి ఉంది. అంటే కార్డు లోపల ఖాళీగా కూర్చుంది, పనంతా మదర్‌బోర్డు మీద పడింది. ఇంటికి తీసుకెళ్లాక ఆయనే తగిలించుకున్న వైరు అది. ఈ సంగతి యజమానికీ తెలిసింది. నవ్వి ఊరుకున్నాడట. ఆ తర్వాత వీధిలో కనిపించి "మీ బాబాయి కులాసానా?" అని నన్నడిగాడు. నేను రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్లిపోయాను.

బాబాయి మాత్రం ముందుగదిలో బల్ల వేసుకుని అదే పని చేస్తున్నాడు. చుట్టుపక్కల వాళ్లు ఆయన్ని కొలతల మాస్టారు అంటారు. కార్డు కావాలని ఎవరు వచ్చినా ముందు ఏం ఆడతారు, మానిటర్ ఎంత పెద్దది, లోపలున్న కరెంటు డబ్బా ఎంత లోడు మోయగలదు అని పెళ్లిచూపుల్లో పెద్దలడిగినట్టు అడుగుతాడు. తర్వాత అసలు కార్డు ఎంత ఉంటుందో అంత అట్టముక్క కోసి, కంప్యూటర్ క్యాబినెట్‌లో పెట్టి, తలుపు మూసి చూస్తాడు. అట్ట పడితేనే కార్డు. సగం మందిని ఆయనే వెనక్కి పంపేస్తాడు. ఆ మానిటర్‌కి ఇంత కార్డు దండగండీ, ఉన్నదాని దుమ్ము దులుపుకోండి అంటాడు. ఇలాంటివాడు వ్యాపారం చేస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

నన్నయితే మూడుసార్లు పంపాడు. నా కంప్యూటర్‌కి పెద్ద కార్డు పెట్టాలని నా కోరిక. వెళ్లిన ప్రతిసారీ "కొలిచావా?" అనేవాడు. జానెడున్నర ఉంటుంది బాబాయ్ అంటే, నీ జానా నా జానా అని అడిగి ఇంటికి పంపేవాడు. పోనీ తను కొలిచే టేపు ఇవ్వమంటే ఇవ్వడు. ఆ టేపు ఆయన చొక్కా జేబుని విడిచి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

పిన్ని ఇరవై ఏళ్లు పార్సిళ్ల వ్యాను నడిపింది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కలేకపోయింది. ఇంట్లో కూర్చుని కిటికీలోంచి వెళ్లే ప్రతి బండి డ్రైవరునీ తిట్టేది. అది చూడలేక బాబాయి ఆమెకో కంప్యూటర్ బిగించి, బల్ల అంచుకి చిన్న స్టీరింగ్ తగిలించి, లారీ నడిపే ఆట పెట్టాడు. ఇక చూడాలి. పదింటికల్లా వంట ముగించి, జడ ముడేసుకుని, "నేను డ్యూటీకెళ్తున్నా" అని పక్కగదిలోకి వెళ్లేది. సాయంత్రం ఏ ఊరికి సరుకు దించిందో మాకు చెప్పేది. ఎదురుగా లేని డ్రైవర్లని తిట్టడం మాత్రం మానలేదు.

ఒకనాడు పాత కార్డు కాలిపోయింది. బాబాయి దాన్ని పీకేసి, మానిటర్ వైరు తాత్కాలికంగా మదర్‌బోర్డుకి తగిలించాడు. లారీ కదలడం మానేసి ఫోటోల్లా మారసాగింది. వంతెన ఎక్కితే చాలు, బొమ్మ అక్కడే బిగుసుకుపోయేది. పిన్నికి కళ్లు తిరిగి, తలపోటు వచ్చి లేచిపోయేది. మళ్లీ కిటికీ దగ్గరకి చేరింది. ఈసారి ఎవరినీ తిట్టలేదు. అదే బాబాయిని భయపెట్టింది.

ఊరందరికీ ఒక్క పూటలో కార్డు తేల్చి చెప్పే మనిషి, ఇంట్లో మనిషికి రెండు వారాలు తేల్చలేకపోయాడు. చిన్నదేమో చాలదు, పెద్దదేమో కరెంటు డబ్బా మోయదు. అట్టలు కోసి కోసి గదంతా చెప్పుల దుకాణంలా చేశాడు. ఆఖరికి ఒక కాలేజీ అమ్మాయి వాడిన కార్డు అమ్ముతోందని తెలిసింది. పరీక్షలున్నాయి, ఆటలు మానేస్తున్నానంది. అట్ట సరిగ్గా పట్టింది. తెచ్చి బిగించాడు. పిన్ని జడ ముడేసుకుని కూర్చుంది.

లారీ వంతెన ఎక్కి ఆగిపోయింది.

బాబాయి ఆ పూటంతా కార్డు తీసి తుడిచి మళ్లీ పెట్టాడు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద కార్డు పేరు కనిపిస్తోంది, లారీ మాత్రం కదలదు. "పర్వాలేదు లెండి, ఇక నా డ్యూటీ అయిపోయిందనుకుంటా" అంది పిన్ని. ఆయన తలెత్తకుండా, ఎవరో బిట్‌కాయిన్ కోసం రాత్రింబవళ్లు లెక్కలు కట్టించి అరగదీసిన కార్డేమో అని గొణిగాడు.

నాకు ఆ మాట చాలు. వాకిట్లోకి వెళ్లి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. అరిగిపోయిన సరుకు అంటగట్టావు, మోసం చేశావు, మీ కాలేజీలో అందరికీ చెప్తాను అన్నాను. పుస్తకాలు చదివి నేర్చుకున్న మంచి మాటలన్నీ వాడాను. లోపలికొచ్చి గొప్పగా చెప్పాను కూడా.

"ఆ పిల్ల ఏమంది?" అన్నాడు బాబాయి.

"ఒక్కసారి ఇంటికొచ్చి చూస్తానంది. అక్కర్లేదని పెట్టేశా."

బాబాయి చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూడలేదు. నేల మీద కూర్చుని, బల్ల కింది నుంచి క్యాబినెట్ లాగి, వెనక్కి తిప్పాడు. మానిటర్ వైరు ఇంకా మదర్‌బోర్డుకే ఉంది.

ముందు పిన్నే అంది: "ఏ వైరు ఎక్కడ తగిలించాలో పదకొండేళ్లు ఊరందరికీ చెప్పారు కదా, మీకు చెప్పడానికి మాత్రం ఎవరూ లేకపోయారు పాపం."

ఆయన వైరు మార్చాడు. లారీ వంతెన దాటింది. పిన్ని అవతలి ఒడ్డున హారన్ కొట్టింది. బాబాయి అది చూడటానికి కూడా ఆగకుండా చెప్పులేసుకుని, నన్ను నడవమన్నాడు.

ఆ అమ్మాయి తలుపు తీసినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనక తండ్రి నిలబడి ఉన్నాడు. నా సంగతి అప్పటికే విన్నట్టున్నాడు, ముఖం చూస్తే తెలిసింది. నేను నసిగేలోపే బాబాయి అన్నాడు: "తప్పు మాదమ్మా. వైరు నేనే తప్పుగా వదిలేశాను. నీ కార్డు బంగారం. ఈ మాట మీ నాన్నగారి ముందు చెబుదామనే వచ్చాను." తర్వాత నన్ను చూశాడు. నేనూ చెప్పాను. వచ్చి చూస్తానన్నావు, చూడమనాల్సింది అన్నాను. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

పోయిన ఆదివారం మళ్లీ వెళ్లాను. పక్కగదిలోంచి పిన్ని ఎవరినో పక్కకి తప్పుకోమంటోంది. చాలా రోజుల నుంచి గొంతులో ఉన్నది అడిగేశాను: "మీ పాత యజమాని కూడా మనం వెళ్లినట్టే వచ్చి, తప్పు నాదంటే ఏం చేస్తావు బాబాయ్?"

బాబాయి కత్తెర కింద పెట్టాడు. తర్వాత జేబులోంచి టేపు తీసి నా చేతిలో పెట్టాడు.

"రాడ్రా. వస్తే కూర్చోమంటాను, టీ ఇస్తాను, నువ్వు మాత్రం ఆ పూట ఇటు రాకు, నీ నోరు ఊరుకోదు. సరే, ఇది తీసుకెళ్లి నీ క్యాబినెట్ కొలుచుకురా. తలుపు తీసి, లోపలి నుంచి."