తొలి మనవరాలు

కొండల నడుమ ఉన్న నారిన్ పట్టణంలో ఆ చలికాలం బొగ్గు ధర మండిపోయింది. ఇంటివాడు అద్దె పెంచాడు. పైగా ఏడేళ్ల సైకాల్‌కి ఉబ్బసం పట్టుకుంది. తల్లి బురుల్చా బడి వంటగదిలో పిండి కలిపి తెచ్చే జీతం మందులకే చాలడం లేదు. విడాకులప్పుడు కోర్టు నిర్ణయించిన భరణం పిల్ల పాలు తాగే నాటిది. పెంచమని అర్జీ పెట్టుకోవచ్చు. ఆ సంగతి బురుల్చాకీ తెలుసు.

"మరి పెట్టవేం? నీ మొగుడేమన్నా పులా?" అంది తోటి వంటమనిషి జమాల్, ఉల్లిపాయలు తరుగుతూ.

"ఆయన కాదక్కా. వాళ్లమ్మ."

"ఆ ముసలిదా? పళ్లే లేవు, ఏం కరుస్తుంది?"

బురుల్చాకి నవ్వు రాలేదు.

తొలి మనవణ్నో మనవరాలినో నాయనమ్మ తన బిడ్డగా పెంచుకోవడం అక్కడ మామూలే. సైకాల్ తొలి అడుగులు వేసినప్పుడు కాళ్లకు నలుపు తెలుపు దారం కట్టి కోసే వేడుక జరిగింది. అప్పుడు అత్త కాలీపా అందరి ముందూ, "ఇది నా పిల్ల. ఇస్తున్నావుగా కోడలా?" అంది. పెద్దలు పలకరిస్తే కోడలు నడుము వంచాలి, నోరెత్తకూడదు. బురుల్చా అలవాటుగా వంగింది. పెద్దలు అరచేతులతో ముఖాలు తడుముకుని దీవించారు. తానేం ఇచ్చేసిందో గిన్నెలు తోముతున్నప్పుడు గానీ ఆమెకు తట్టలేదు.

తర్వాత, అత్త సంతకు వెళ్లిన పూట, పిల్లను చంకనేసుకుని బస్సెక్కింది. ముసలామె వెతుక్కుంటూ రాలేదు. ఆ రాకపోవడమే బురుల్చాకు ఇన్నేళ్లూ కంటిమీద కునుకు లేకుండా చేసింది. ఇప్పుడు ఖర్చులు భరించలేనని తనే రాసిస్తే, పిల్లను ఇచ్చెయ్యమనదూ?

ఒక ఉదయం సైకాల్ పెదాలు నీలంగా మారాయి. ఆ మధ్యాహ్నమే అర్జీ పెట్టింది.

విచారణ రోజున కోర్టు వరండాలో మాజీ భర్త తాలాయ్ గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. పక్కన బల్లమీద తెల్ల తలగుడ్డతో కాలీపా. ఆమె ఒళ్లో పిల్లలు తొడుక్కునే కొత్త ఉన్నికోటు ఉంది. అది ఎవరి కోసమో బురుల్చాకు అర్థమైంది.

"సాకలేనని నువ్వే రాశావు. పెద్దల ముందు ఇచ్చిందీ నువ్వే. దాని బట్టలు సర్దిపెట్టు," అంది కాలీపా.

నడుము దానంతటదే వంగబోయింది. బురుల్చా కిటికీ గట్టు పట్టుకుంది.

"అత్తయ్యా, ఆ రోజు వంగింది మీ మీది మర్యాదకి. బిడ్డనివ్వడానికి కాదు."

అత్తకు ఎదురు చెప్పడం అదే మొదలు. కాలీపా కొడుకు వంక చూసింది. అతను తలెత్తలేదు.

లోపల ముసలామె మళ్లీ ఆ మాటే ఎత్తింది. "ఇవాళ తేల్చేది ఖర్చుల సంగతే పెద్దమ్మా. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది," అని జడ్జి భరణం పెంచింది.

బయటికొచ్చాక కాలీపా కోటు మడిచి చంకలో పెట్టుకుంది.

"దాని బడి ఎక్కడో నాకు తెలుసులే."

బురుల్చా మంచులో జారుతూ బడికి పరుగెత్తింది. సైకాల్ బల్లమీద కూర్చుని బూటు తొడుక్కుంటోంది. మణికట్టు పట్టుకుని బయల్దేరదీసింది.

"నొప్పమ్మా," అంది పిల్ల.

బురుల్చా పట్టు సడలించింది. వీధి మలుపులో తెల్ల తలగుడ్డతో ఒక ముసలామె రొట్టెల బండి తోసుకుంటూ ఎదురొచ్చింది. ఎవరో తెలియకముందే బురుల్చా నడుము వంగిపోయింది.

ముసలామె ఎవరో పరాయిది. దీవించి సాగిపోయింది.

బురుల్చా నిటారుగా నిలబడి, పిల్ల మణికట్టును మళ్లీ గట్టిగా పట్టుకుంది.