రాంనిహోర్ చాచా నమస్కారాలు

మా కంపౌండర్ రాంనిహోర్ చాచాకి ఎవరు కనిపించినా నమస్కారం పెట్టందే చేతులు ఊరుకోవు. అది మర్యాద నమస్కారం కాదు. నడుము వంచి, కళ్లు మూసుకుని, “లోపలున్న స్వామికి దండాలు” అంటాడు. కాశీలో మా క్లినిక్ ఉన్న సందులో మనుషులకీ ఆవులకీ మేకలకీ అందరికీ అదే దండం.

ఒకసారి పట్టపగలు ఎవడో మా సైకిల్ ఎత్తుకుపోతుంటే చాచా గుమ్మంలో నిలబడి దండం పెట్టి, “బ్రేకు పడదు స్వామీ, మలుపు దగ్గర జాగ్రత్త!” అని అరిచాడు. స్వామి మలుపు దగ్గరే పడ్డాడు. చాచాయే మోసుకొచ్చి మోకాలికి కట్టు కట్టాడు.

ఇంజెక్షన్ల దగ్గర మరీ కష్టం. సూది వేళ్ల మధ్య పట్టుకుని, చేతులు జోడించి, కళ్లు మూసేవాడు. పేషెంట్లు హడలిపోయేవాళ్లు.

“దండం పెడుతున్నావేంటయ్యా! నా పనైపోయిందా?”

“అయ్యో లేదు స్వామీ, జలుబే!”

రోజూ బీపీ చూపించుకోవడానికి వచ్చే త్రిలోచన్ పాండే గారికి ఇది చూస్తేనే బీపీ పెరిగేది. ఆయన శాస్త్రాలు చదివిన మనిషి.

“ఆత్మంటే నీకేం తెలుసోయ్? ఒక్క పుస్తకమైనా చదివావా?”

“లేదు పండిట్‌జీ. అందరిలోనూ ఉన్నది ఆ ఒక్కడేనని మీరే కదా చెప్పారు? నేనదే పట్టుకున్నా.”

“అది తెలుసుకోవడానికి చెప్పానయ్యా, మేకకి దండం పెట్టమని కాదు!”

చివరికి ఓ సోమవారం నాకే ఓపిక పోయింది. బయట నలభైమంది ఉన్నారు, ఈయనేమో దండాల దగ్గరే ఉన్నాడు.

“చాచా, ఈరోజు నుంచి దండాలు బంద్!”

“సరే బిటియా” అని, డాక్టర్నైనా నన్ను ఎప్పట్లాగే కూతురిలా పిలిచి, చేతులు జేబుల్లో పెట్టేసుకున్నాడు. మొహం మాత్రం వాడిపోయింది.

పదకొండింటికి బసావన్ చౌధరి వచ్చాడు. శ్మశానంలో చితులు పేర్చేవాడు. చెయ్యి కాలి, మురికి గుడ్డ చుట్టుకున్నాడు. ఎప్పటిలాగే మెట్ల కింద ఆగి, చాచా వైపు చూశాడు. చాచా నా వైపు చూశాడు. చేతులు జేబుల్లోంచి రాలేదు.

బసావన్ ఒక్క క్షణం ఆగి, “పనిలో ఉన్నారులే, మళ్లీ వస్తా” అని వెళ్లిపోయాడు.

“చాచా, అతనెందుకు వెళ్లిపోయాడు?”

“నువ్వు బంద్ చేశావుగా బిటియా.”

“దండం పెట్టకపోతే వైద్యం చేయించుకోడా?”

చాచా గొంతు తగ్గించాడు. “ఎవరైనా చచ్చిపోతే తప్ప వాడి మొహం చూసేవాళ్లు లేరమ్మా. దండం పెట్టి లోపలికి పిలుద్దామనుకున్నా. కానీ వాడొక్కడికే పెడితే బెంచీ అంతా లేచి గొడవ చేస్తుంది. వాడికి తలకొట్టేసినట్టవుతుంది. అందుకే అందరికీ పెట్టడం మొదలెట్టా. ఇరవై రెండేళ్లయింది. అందరి లెక్కలో వాడూ లోపలికి వచ్చేస్తాడు, ఎవరూ గమనించరు.”

“మరి ఆ లోపలి స్వామి?”

“మొదట్లో ఊరికే అనేవాణ్ణి. అనగా అనగా నిజంగానే కనిపించడం మొదలైంది.” కాసేపు ఆలోచించి, “మేకలో మాత్రం కాస్త ఆలస్యమైంది” అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. మందుల పెట్టె తీసుకుని, చాచాని వెంట రమ్మని లేచాను. బెంచీ మీద నుంచి పాండే గారు, “డాక్టరమ్మా, నా బీపీ?” అన్నారు.

“అరగంట ఆగండి. బసావన్ చెయ్యి కాలింది.”

“వాళ్లింటికా? మీరా?” ఆయన ఏదో శ్లోకం ఎత్తుకోబోయి, తను చెప్పిన మాటే ఎక్కడో తట్టినట్టు ఆగిపోయారు. “సరే, వెళ్లిరండి. కాలితే మంట భరించలేరు” అని గొణిగారు.

బసావన్ వాకిట్లోనే మంచం వాల్చి కట్టు కట్టాను. పుండులో అప్పుడే చీము పడుతోంది, ఇంకో రెండ్రోజులు ఆగితే వేళ్లు పోయేవి. ఆ మాట చెబితే అతను చేతి వంక కాక నా వంక చూస్తూ కూర్చున్నాడు.

అతని భార్య గుమ్మం పక్కన చాలాసేపు తచ్చాడి, చివరికి ధైర్యం చేసింది.

“మా ఇంట్లో... టీ తాగుతారా అమ్మా?”

నేను నోరు తెరిచేలోపే చాచా మంచం మీద బాసింపట్టు వేసుకుని, “అల్లం బాగా దంచి వెయ్యి బహూ. డాక్టర్ బిటియాకి గొంతు బాగా లేదు, పొద్దుట్నుంచీ నా మీద అరుస్తోంది” అన్నాడు.

బసావన్ పగలబడి నవ్వాడు. నేను రెండో గ్లాసు కూడా అడిగి తాగాను.