వెనక సీటుకి చెప్పిన పడవల చరిత్ర

ఇంటికొస్తున్న మావగారిని నడిదారిలో పారేసుకున్న అల్లుడు ఈ కోనసీమ మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటానండీ. గొడుగు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, చెప్పులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. నేను ఏకంగా పిల్లనిచ్చిన మనిషినే పోగొట్టుకున్నాను.

అప్పటికి కొత్తగా పెళ్ళైంది. మాది కాట్రేనికోన. మావగారిది తుని అవతల మెట్ట ఊరు. రెండు ప్రశ్నలడిగితే ఒకదానికి జవాబు చెప్పే మనిషి. మొదటిసారి మా ఇంటికొస్తున్నారని అమలాపురం బస్టాండుకి స్కూటరేసుకుని వెళ్ళేను. మా నాన్నకి ఎక్కువ మాటలు పడవు, జాగ్రత్తగా తీసుకురండి అని మా ఆవిడ చెప్పి మరీ పంపింది. ఆ రెండింట్లో నేను ఒక్కటీ చెయ్యలేదు.

నా రోగమేమిటంటే, మా వైపు జనం ఏ కాలంలో దేని మీదెక్కి తిరిగేరో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదని నా నమ్మకం. మా తాతగారి దగ్గర విన్నది సగం, నేను కలిపింది సగం. బస్టాండు దాటకముందే జట్కాలతో మొదలెట్టేను. రిక్షాలయ్యేయి. కాలవ పక్కకొచ్చేసరికి పడవలొచ్చేయి. గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని పడవని లాక్కుంటూ నడిచేవారని, పడవలోనే పొయ్యి పెట్టి వండుకునేవారని చెప్పేను. మావగారు "అలాగాండీ" అంటున్నారు. మొదట్లో గట్టిగా, తర్వాత ఆవలింతలో కలిపి.

ముమ్మిడివరం దగ్గర కొబ్బరిబొండాల కొట్టు చూసి కాస్త ఆపమన్నారు. బండి ఆపేను గానీ నోరాపలేదు. ఆయన దిగేరు. నేను కాలవ వైపు చూస్తూ లాంచీల సంగతి పూర్తి చేసి, "ఎక్కేరా మావయ్యగారూ?" అనడిగేను.

"ఆయ్," అని వినబడింది.

అది బొండాల ఆయన ఇంకెవరికో చెప్పిన ఆయ్. మా వైపు ఆయ్ అనేది గాలి లాంటిదండీ, ఎవరు వదిలేరో చెప్పలేం. నేను గేరేసి పోనిచ్చేను.

అక్కణ్ణుంచి స్కూటరు పువ్వులా పోతోంది. మంచి పెట్రోలు పడిందనుకున్నాను. ఎదుర్లంక వంతెన రాకముందు బస్సుల్ని కూడా పంటు మీదెక్కించి గోదావరి దాటించేవారని చెప్పేను. పంటు ఇసుక మేటలో కూరుకుపోతే అందులోని పెళ్ళివారు ముహూర్తానికి అక్కడే పీటలేసుకోవలసినంత పనయ్యేదన్నాను. రైలు మాత్రం మా తాతగారి చిన్నప్పట్నుంచీ వస్తూనే ఉంది, ఇంకా రాలేదన్నాను. ఈసారి వెనకనుంచి "అలాగాండీ" కూడా లేదు. ఇంత శ్రద్ధగా వినేవాళ్ళు ఈ రోజుల్లో దొరకరని పొంగిపోయేను. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నాకు లోకువవడానికి వినేవాడంటూ ఉంటే కదా.

ఇంటి ముందు ఆగేసరికి మా ఆవిడ కాళ్ళకి నీళ్ళు తెచ్చి, చెంబుతో అలాగే నిలబడిపోయింది.

"నాన్నేరండీ?"

"దిగుతున్నారుగా," అంటూ వెనక్కి తిరిగేను. ఖాళీ సీటు. ఆవిడ గబగబా వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. ఆ ఫోను నా స్కూటరుకి తగిలించిన ఆయన సంచీలోనే మోగింది.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కాలవలో గానీ పడిపోలేదు కదా," అంది మెల్లగా.

స్కూటరు వెనక్కి తిప్పి, ఇందాక పడవలు చూపించిన కాలవలోనే తెల్ల పంచె కోసం వెతుక్కుంటూ వెళ్ళేను. బొండాల ఆయన నన్ను చూసి నవ్వేడు. పెద్దాయన తీరిగ్గా బొండం తాగి, లోపలి లేత కొబ్బరి కూడా తిని, షేర్ ఆటో ఎక్కి వెళ్ళేరని చెప్పేడు.

నేను ఇల్లు చేరేసరికి మావగారు మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. ప్రాణం లేచొచ్చింది. చేతులు కట్టుకుని నిలబడి, తప్పైపోయిందన్నాను. ఆ తర్వాత ఉండబట్టలేక అడిగేను.

"నేను బయల్దేరుతుంటే ఒక్క కేక వెయ్యలేకపోయేరా మావయ్యగారూ?"

ఆయన గ్లాసు కింద పెట్టేరు.

"వేద్దామనే నోరు తెరిచేనండీ అల్లుడుగారూ. వేస్తే ఆగుతారేమోనని భయమేసింది."

ఆ రోజే గోదావరి తల్లి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నానండీ. ప్రాణం పోయినా సరే, బండి నడుపుతూ చరిత్ర ఎత్తను. ఎత్తక తప్పకపోతే, ముందు ఓ చెయ్యి వెనక్కి పెట్టి మనిషున్నాడో లేదో తడిమి చూసుకుని మరీ ఎత్తుతాను.