పెత్రమాసకు పిలవని పేరు

భాద్రపదం చివరి అమావాస్యను మా వైపు పెత్రమాస అంటారు. ఆ రోజు చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. పురోహితం చేసే అయ్యగారు అరుగు మీద కూర్చొని ఒక్కొక్క పేరూ అడుగుతాడు. మేం పేరు చెప్పి చేటలోంచి దోసెడు బియ్యం, గుప్పెడు పప్పు, ఒక కూరగాయ ఆయన ముందు పెడతాం. నా చిన్నతనంలో మా ఇంట్లో ఏడు పేర్లు చెప్పేవారు. ముత్తాత పేరు అయ్యాక మా తాత రాజలింగు పేరు రావాలి. రాదు. అక్కడికి వచ్చేసరికి మా నాయినమ్మ చిన్నవ్వ కొంగు సర్దుకొని తర్వాతి పేరు చెప్పేది.

మా తాత తాపీ మేస్త్రీ. మెట్‌పల్లి దగ్గర మా ఊరి నుంచి 1938లో బొంబాయి పోయాడు. అక్కడి నుంచి ఓడ ఎక్కాడు. పోయిన ఏడాదికి ఒకే ఒక ఉత్తరం వచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు. మా ఊళ్లో పని కోసం ఓడ ఎక్కిన మొదటి మనిషి ఆయనే. ఈ రోజు మా ఊళ్లో గల్ఫు పోని ఇల్లు లేదు గాని, ఆ దారి తొక్కినవాడు మాత్రం మా తాత. ఈ మాట నేను ఎక్కడైనా నిలబడి చెబుతాను.

"చితి పొగ చూడలే, కాలిన బొక్కలు చూడలే. బతికున్నోనికి బియ్యం ఎట్ల పోస్తర్రా?" అనేది చిన్నవ్వ. 1985లో పోయేదాకా మెడలో పుస్తె తీయలేదు. ఆమె తర్వాత ఆ కట్టుబాటును మా మేనత్త దుర్గవ్వ పట్టుకుంది. ఆమె రాజలింగు కూతురు. తండ్రి ఊరు విడిచిన నాడు ఆమెకు ఐదేళ్లు. మా నాయిన సచ్చిపోతూ కూడా, "అక్క ఒప్పుకుంటేనే పేరు పిలువుండ్రి" అని చెప్పి పోయాడు.

నా సంగతి కూడా కొంత చెప్పాలి. నేను పోశన్నను. చదువు మా ఊరి బడిలో అయిదో తరగతి. బహ్రెయిన్‌లో ముప్పై ఏళ్లు పని చేశాను. మొదట రాళ్లు మోశాను, తర్వాత తాపీ పట్టాను, చివరి పదిహేనేళ్లు నలభై మంది మీద ఫోర్‌మన్‌గా ఉన్నాను. ముహర్రక్ విమానాశ్రయంలో ప్రయాణికులు దిగి నడిచే వసారాకు పూత పూసింది నా ముఠా. నాలుగు మసీదుల గోడలు నా చేతి మీదుగా లేచాయి. నా దగ్గర పని నేర్చినవాళ్లు నూటపన్నెండు మంది, పేర్లన్నీ రాసి పెట్టుకున్నాను. 1999లో కంపెనీ ఇచ్చిన గోడ గడియారం ఈ రోజుకీ మా ఇంట్లో సరైన సమయం చూపిస్తోంది.

ఇంత చేసినవాడిని ఒక్క పొరపాటు చేశాను. చేసింది నేనొక్కడినే కాదు, మా ఊరంతా. మా వాళ్లకు సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే. మస్కట్ పోయినా, కువైట్ పోయినా "దుబాయి పోయిండు" అంటారు. తాత ఓడ ఎక్కాడు కాబట్టి ఆయన కూడా దుబాయి ఖాతాలోనే పడ్డాడు. దుబాయిలో ఉన్న మా ఊరి పిల్లలకు ఇరవై ఏళ్లు ఉత్తరాలు రాసి అడిగాను. అక్కడి శ్మశానాల్లో, ఆసుపత్రుల్లో అడిగించాను. దొరకలేదు.

2004లో సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు మేనత్త తన పెట్టె సర్దుతూ ఒక పాత కవరు తీసింది. తాత పంపిన ఒక్క ఉత్తరం తాలూకు కవరు అది. లోపలి కాగితాన్ని ఎప్పుడో చెదలు తినేశాయి. ఆ ఉత్తరం వచ్చిననాడు చదివింది మా ఊరి పట్వారీ ఒక్కడే. అందులో "బాగున్నాను, వంతెన పని దొరికింది" అని ఉందట, అంతకు మించి ఎవరికీ గుర్తు లేదు. చిన్నవ్వ ఆ కవరును బొట్టుపెట్టెలో దాచుకుంది, ఆమె పోయాక అది మేనత్త దగ్గరికి చేరింది. నేను దాన్ని వెలుగులోకి పట్టుకొని చూశాను. తపాలా బిళ్ల మీద రాజుగారి తల, దాని మీద నల్లగా అచ్చు వేసిన ఏడు ఇంగ్లీషు అక్షరాలు. నాకు ఇంగ్లీషు రాదు గాని ఆ ఏడు అక్షరాలు వస్తాయి. నా గుర్తింపు కార్డు మీద, జీతం కాగితం మీద ఇరవై ఆరేళ్లుగా చూస్తున్న అక్షరాలు అవి. బహ్రెయిన్.

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. మేనత్త నా మొహం చూసి, "ఏమైందిరా కొడుకా?" అని అడిగింది.

"తాత దుబాయిల లేడత్తా. నేనున్న కాడనే ఉండె."

ఆమె కవరు తీసుకొని ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "మరి నువ్వు ఇన్నేండ్లు ఆడనే తిరిగినవ్ కదరా," అంది. అందులో నింద లేదు. నిందించి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తిరిగి పోయిన నాటి నుంచి వెతకడం మొదలుపెట్టాను. నాకు తోడు షఫీఖ్. అతనిది కోరుట్ల. నాకంటే రెండేళ్లు ముందే బహ్రెయిన్ వచ్చి, మీనా సల్మాన్ రేవులో ఒక గోడౌను బండి నడుపుతున్నాడు. భార్య కమరున్నిసాతో అరాద్‌లో కాపురం. అతనికి ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు కూడబలుక్కొని చదువుతాడు. శుక్రవారం నమాజు చేసి, బువ్వ తిని, బండి తీసుకొని వచ్చేవాడు. పాత కంపెనీల గుమాస్తాలను, పాత ఆసుపత్రి వాళ్లను, ముసలి కాంట్రాక్టర్లను అడిగాం. రాజలింగు అనే మనిషి ఎక్కడా లేడు.

చివరికి మనామా బజారులో ఒక బట్టల సేఠ్ దగ్గరికి చేరాం. వాళ్ల పెద్దలు ఎన్నో తరాల కిందటే వ్యాపారం కోసం అక్కడికి వచ్చిన హిందువులు. దిక్కులేని హిందువు ఎవరైనా పోతే దహనం చేయించి, వివరాలు ఒక పుస్తకంలో రాసి పెట్టడం వాళ్ల ఇంటి ఆనవాయితీ. సేఠ్ కళ్లద్దాలు పెట్టుకొని 1938 నుంచి 1945 దాకా వేలు పెట్టి చదివాడు. "రాజలింగు లేడు బేటా," అన్నాడు హిందీలో. రెండేళ్ల తర్వాత మళ్లీ పోయి మళ్లీ చదివించాను. మళ్లీ లేడు.

2008 వచ్చింది. నా వయసు యాభై ఐదు దాటింది, కంపెనీ ఇక చాలని చెప్పింది. సెప్టెంబరులో పెత్రమాసకు ముందే టికెట్టు. ఆగస్టులో మేనత్త ఫోను చేయించింది.

"ఒచ్చే యేడు నేను ఉంటనో ఉండనో. దొరికితే దొరికిండని చెప్పు. దొరకకపోతే అదన్న చెప్పు. కానీ దొరకకుంట పేరు పిలువద్దు. నేను పోయినంక గూడ పిలువద్దు. నన్ను గన్న అవ్వకు మాటిచ్చిన."

అంటే ఇప్పుడు దొరకకపోతే ఆ పేరు ఇక ఎన్నటికీ పిలిచేది లేదు. ఆ దేశంలో నాకు మిగిలింది ఐదు వారాలు.

ఒక శుక్రవారం షఫీఖ్ బండిలో ముహర్రక్ నుంచి మనామా వైపు వంతెన మీద పోతున్నాం.

"ఏం మల్లేష్ భాయ్, మొకం అట్ల పెట్టినవేంది?" అన్నాడు షఫీఖ్. "ముప్పై ఏండ్లు జేసినవ్. ఖలాస్. ఇంటికి పోయి కాళ్లు జాపుకొని కూసో."

"మల్లేష్ అనకురా. ఆ పేరు పోయి ఇరవై ఎనిమిదేండ్లాయె."

"నాకు పోలే. ఎయిర్‌పోర్టుల నీ కోసం అట్ట మీద మల్లేష్ అని రాసుకొని నిలబడ్డది నేనే గదా. పోశన్న అని రాసుకొస్తే నువ్వు ఇప్పటికీ ఆడనే నిలబడి ఉందువు."

దాచుకోవలసింది ఏమీ లేదు, మా కాలంలో సగం మంది అట్లాగే వచ్చారు. 1978లో నేను మా చిన్నాయన కొడుకు మల్లేష్ పాస్‌పోర్టు మీద వచ్చాను. వాడికి జ్వరం తగిలి పోలేకపోతే, వాడి ఫొటో తీసేసి నాది అంటించారు. సొంత పేరు మీద కాగితాలు చేయించుకునేదాకా, రెండేళ్లు క్యాంపులో, హాజరు పుస్తకంలో, వంటశాలలో నేను మల్లేష్‌ను. ఆ రెండేళ్లలో నేను పోయి ఉంటే ఆ పుస్తకాల్లో పోయినవాడు మల్లేష్.

"షఫీఖ్, బండి ఆపు," అన్నాను.

"వంతెన మీదనా? పోలీసు నీకు వీసా ఇచ్చిన కఫీల్‌ను పిలుస్తడు, నన్ను లోపలేస్తడు. ఏమైంది?"

"మనం పేరు వెతుకుతున్నం. పేరు కాదురా వెతకాల్సింది, మనిషిని."

ఆ మనిషికి ఒక గుర్తు ఉంది. అది మేనత్త వందసార్లు చెప్పిన గుర్తే. రాయి చెక్కుతుంటే సుత్తి జారి తాత ఎడమచేతి చూపుడు వేలు సగానికి పోయింది. చిన్నప్పుడు మేనత్త ఆ వేలినే పట్టుకొని నడిచేదట. "వేరే పిల్లలు నిండు వేలు పట్టుకుంటరు. నా పిడికిలికి ఆ సగం వేలే సరిపోతుండె," అనేది.

నేరుగా మనామా బజారుకు పోయాం. సేఠ్ నన్ను చూసి నవ్వాడు, మళ్లీ వచ్చావా అన్నట్టు. ఈసారి పేర్లు వద్దు, తాపీపని వాళ్లను చదవమన్నాను. దిక్కులేని వాళ్ల వివరాల్లో ఒంటి మీది గుర్తులు కూడా రాసేవాళ్లు, ఎప్పటికైనా ఎవరైనా అడుగుతూ వస్తారని. మొదటి మేస్త్రీ మెడ మీద పుట్టుమచ్చ. రెండోవాడు కుంటివాడు. మూడో పేరు దగ్గర సేఠ్ ఆగి, పుస్తకాన్ని కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆయన హిందీలో చెబుతుంటే నాకు మాట మాటా అర్థమైంది.

"ఆశన్న. బొంబాయి కామాఠీపురా. వయసు సుమారు ముప్పై రెండు. ముహర్రక్ వంతెన మీద తాపీపని. జ్వరంతో పోయాడు, 1940 మార్చి. ఎడమచేతి చూపుడు వేలు సగం లేదు. అస్థికలు సముద్రంలో కలిపాం. సామాను: తాపీ ఒకటి, గోడ నిటారు చూసే గుండు ఒకటి, ధోవతులు రెండు..."

ఆయన ఇంకా చదవబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. సగం వేలు ఉన్న మేస్త్రీలు లోకంలో ఇంకా ఉంటారు. మేనత్త నమ్మాలి. కొట్లోంచే ఫోను చేశాను. ఆశన్న అనే పేరు చెప్పాను, వేలు సంగతి చెప్పాను. ఆశన్న ఎవరో ఆమెకు తెలియదు. బొంబాయిలో తాతతో పని చేసినవాడై ఉంటాడు, పోలేక తన కాగితం ఇచ్చి ఉంటాడు, నాకు మల్లేష్ ఇచ్చినట్టు.

మేనత్త ఊపిరి వినిపిస్తోంది. "ఆయన సామాన్ల ఏమేం ఉండెనట?" అని అడిగింది.

"తాపీ, గుండు, రెండు ధోవతులు. ఇంకేదో ఉంది, నేనింక వినలే."

"గాజులు ఉన్నయా అడుగు."

"ఏం గాజులత్తా?"

"అడుగురా."

అడిగాను. సేఠ్ మళ్లీ వంగి చూశాడు. "గుడ్డలో చుట్టిన చిన్నపిల్ల గాజులు, పన్నెండు," అన్నాడు.

నేను చెప్పేలోపే ఆమె సేఠ్ గొంతు విన్నట్టుంది, లేదా నా మౌనం అర్థమైనట్టుంది. "పొయ్యేటప్పుడు ఎర్ర గాజులు తెమ్మన్న," అంది మెల్లగా. "అవ్వకు చెప్పలే, తమ్మునికి చెప్పలే. గాజుల కోసమే పోయి రాలేదనుకుంటరని ఎవ్వలకు చెప్పలే. రంగు రాసిండ్రా?"

"రాయలేదత్తా."

"ఎర్రయే అయితయ్."

ఆ సామానంతా బొంబాయి చిరునామాకు ఓడలో పంపినట్టు కింద రాసి ఉంది. అంటే తాత చావు కబురు బతికున్న ఆశన్న ఇంటికి పోయింది. కాగితం ఇచ్చిన సంగతి బయటపడుతుందని భయపడ్డాడో, మా ఊరు ఎక్కడో తెలియదో, అది అక్కడే ఆగిపోయింది. ఆ గాజులు ఏ పిల్ల వేసుకుందో.

మిగిలిన నాలుగు వారాల్లో నేను రోజూ ఆ వంతెన మీద దిగి కాసేపు నడిచాను. ఇప్పుడు దాన్ని పెంచారు, తారు పోశారు, పాతది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ముప్పై ఏళ్లలో దాని మీద ఎన్ని వేలసార్లు పోయానో, ఒక్కసారీ కిందికి చూడలేదు. గోడలు కట్టానని, మసీదులు కట్టానని అందరికీ చెప్పుకుంటూ మా తాత వేసిన రాళ్ల మీదుగా పోయి వస్తూనే ఉన్నాను. ఆయన ముప్పై రెండేళ్ల దగ్గర ఆగిపోయాడు. నేను నా తాత కంటే ఇరవై మూడేళ్లు పెద్దవాడిని. ఆయన కనబడితే నేనే చెయ్యి పట్టుకొని వంతెన దాటించాలి.

పెత్రమాస నాడు అయ్యగారు అరుగు మీద కూర్చున్నాడు. మా నాయిన, చిన్నవ్వ చేరాక మా ఇంటి పేర్లు తొమ్మిదయ్యాయి. మేనత్త చేటను తన ఒళ్లో పెట్టుకుంది. ముత్తాత పేరు అయింది. "తర్వాత?" అన్నాడు అయ్యగారు. మేనత్తే చెప్పింది.

"రాజలింగు."

దోసెడు కాదు, రెండు దోసిళ్లు పోసింది. అయ్యగారు తర్వాతి పేరు అడగబోతే ఆగమంది. "ఆశన్న అని కూడా పిలువుండ్రి. ఆ పేరు మీదనే గదా కాలిండు," అని ఇంకో దోసెడు పోసింది. ఆ ఆశన్న ఎప్పుడు పోయాడో, ఆయనకు ఇచ్చేవాళ్లు ఉన్నారో లేదో మాకు తెలియదు. ఇద్దరిలో ఎవరికి ముట్టినా మంచిదే.

అందరూ లేచిపోయాక మేనత్త అరుగు మీదే కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఆ వంతెన మీద నడిస్తే నీళ్లు కనబడ్తయా?" అని అడిగింది.

"రెండు దిక్కుల కనబడ్తయత్తా."

"ఎట్లుంటయ్?"

నేను చెప్పడం మొదలుపెట్టాను.