జత కలిపే రుమియా

లోంబోక్ దీవిలోని సెకర్‌బెలా వీధిలో ముత్యానికి ముత్యాన్ని జత కలపాలంటే రుమియానే కలపాలి. పెళ్లిసంబంధాలు కుదిర్చేవాళ్లు కూడా ఆమె ముందు దిగదుడుపేనని మొగుడు మహ్సున్ అందరితో అంటుంటాడు. ఆమె ఏరి ఇస్తుంది, అతను బెజ్జంలో జిగురు పెట్టి నగల్లో పొదుగుతాడు. పెళ్లయిన నాటి నుంచీ ఇదే వాళ్ల సంసారం. ఈమధ్య ఆమెకు ఒళ్లు హూనమైపోతోంది. లేస్తూనే కళ్లు మంటలు. పని మానేస్తానన్న మాట నోటిదాకా వస్తుంది. కానీ ముత్యాలు ఏరని రుమియాను ఎవరు పలకరిస్తారు? ఆ భయంతోనే మళ్లీ పళ్లెం ముందు కూలబడుతుంది.

ఆ పొద్దున పెళ్లికూతురి తల్లి జోహ్రా, నిన్న తీసుకెళ్లిన ముత్యాల కమ్మలను తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఏమ్మా ఇనాక్ రుమియా, ఒకటేమో పాలు, ఇంకోటి మీగడ! మా పిల్లకి రెండు చెవులూ ఒక తల్లి కన్నవే కదా?"

రుమియా ముఖం కందిపోయింది. మహ్సున్ అడ్డుపడ్డాడు.

"అదంతా ఆ గులాబీ రవిక చేసిన పని. విందుకి తొడుక్కెళ్లి, దాంతోనే వచ్చి ఏరడానికి కూచుంది. పక్కనున్న రంగునల్లా ముత్యం తాగేస్తుంది. తెల్లది తప్ప తొడగొద్దని చంటిపిల్లలకీ చెప్తాం కదా!"

"అయితే శిక్ష రవికకే వెయ్యండి," అని నవ్వి, సాయంత్రానికి కావాలని చెప్పి జోహ్రా వెళ్లిపోయింది.

తప్పు రవికదే కావాలని రుమియా మనసులో దేవుణ్ణి వేడుకుంది. తెల్లది తొడుక్కుని, ఒళ్లో తెల్లగుడ్డ పరుచుకుంది. మహ్సున్ కమ్మల ముత్యాలను ఊడదీసి, బెజ్జాలు వేసి ఉంచిన మిగతావాటిలో కలిపేశాడు. ఆమె గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కటే దొర్లించి చూసి, చాలాసేపటికి రెండు ఏరింది.

"ఇదిగో జత. కవలపిల్లల్లా లేవూ?"

మహ్సున్ వాటిని చూసి చెయ్యి చాపాడు. "భేషుగ్గా ఉన్నాయి. ఇటివ్వు."

ఇవ్వబోతూ ఆమె అలవాటుగా బెజ్జాన్ని గోటితో తడిమింది. గట్టిపడ్డ జిగురు తగిలింది. రెండోదానికీ తగిలింది. ఇంకా పొదగని ముత్యాలకు జిగురెక్కడిది?

"మళ్లీ అవే ఏరాను కదూ?"

"వెలుతురు చాల్లేదులే..."

"నిన్న రవికది తప్పు, ఇవాళ సూర్యుడిదా?" అంది రుమియా. "చూసి కూడా భేషుగ్గా ఉన్నాయన్నావే, నిజం చెప్పు. నేనేరినవి ఎన్నాళ్లుగా మారుస్తున్నావు?"

మహ్సున్ తల వంచుకున్నాడు. "పోయిన వానాకాలం నుంచి. ఈ ఒక్క జతే తొందరలో చూసుకోలేదు."

అంటే ఇన్నాళ్ల కళ్లమంటా, నడుంనొప్పీ బూడిదలో పోసిన పన్నీరే. రుమియాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ముత్యాలను అతని చేతిలో పెట్టి అక్కడే చాపమీద ఒరిగింది.

"అప్పుడే చెప్పుంటే పడుకునేదాన్ని కదా," అంది.