ఆరబోయే మంట దగ్గర అమ్మ

మండేవాటిని పరిశోధించే వాళ్ళకు ప్రపంచమంతటికీ కలిపి ఒక సంఘం ఉంది. ఇంజన్లో మంటైనా, పొయ్యిలో మంటైనా, అడవిని తినేసే మంటైనా సరే, దాని మీద పనిచేసేవాళ్ళు అందులో చేరతారు. రెండేళ్ళకోసారి ఏదో ఒక దేశంలో కూడి మంటల గురించే మాట్లాడుకుంటారు. ఆ సభలో నా పరిశోధన పత్రం చదవాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ. మా ఊరు గుడియాత్తంలో చుట్టాలు మాత్రం నేను అగ్గిపెట్టెల కంపెనీలో పెద్ద ఉద్యోగం వెలగబెడుతున్నాననే అనుకుంటారు. అగ్గిపెట్టెల ఊళ్ళో పుట్టినవాడు నిప్పు గురించి చదివితే ఇంకేం అనుకుంటారు?

ఈ వేసవిలో సంఘం నుంచి జవాబు వచ్చింది. పత్రం బాగుందట. కానీ మంట ఆరిపోయే పరీక్ష ఇంకొక్కసారి చేసి చూపించాలట, సోమవారం సాయంత్రంలోగా. అప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. తిన్నది ఒంటబట్టలేదు. వేలూరులో మా కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ నవ్వుతూ పలకరించినా విసుక్కున్నాను.

పరీక్ష చూడ్డానికి చిన్నదే. గాజు గొట్టంలో వేలెడంత మంట. కింది నుంచి వచ్చే గాలిలో నైట్రోజన్ కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. ఊపిరాడక మంట ఆరిపోయే క్షణం కెమెరాలో పడాలి. మంట కదలకూడదు కాబట్టి గదిలో ఫ్యాను వెయ్యకూడదు, ఏసీ వెయ్యకూడదు. వేలూరులో, మే నెలలో, తలుపులన్నీ బిగించుకుని! చొక్కా ఒంటికి అంటుకుపోయి, ఎవరి మీదో తెలియని కోపంతో ఉడికిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం గుడియాత్తం నుంచి అమ్మ బస్సులో వచ్చింది. నేను ఇంటికి రానని ఫోన్లో అనేసరికి అన్నం క్యారియరుతో సరాసరి ల్యాబుకే వచ్చేసింది.

"ఇన్ని ఫ్యాన్లు ఉండాయి, ఒకటీ తిరగదేంది నాయనా?" అంది. కదలకుండా కూర్చోమని మంట పక్కనున్న స్టూలు చూపించాను.

నైట్రోజన్ పెంచుతూ పోయాను. మంట పసుపు పోయి నీలంగా మారింది. అంచులు వణికాయి. నేను కంప్యూటర్ తెర మీద అంకెలు చూస్తున్నాను. ఇంకాసేపట్లో ఆరుతుందనగా తెర మీది మంట నిలువునా లేచింది. ఉలిక్కిపడి తిరిగి చూశాను. అమ్మ చేతికి కొంగు చుట్టుకుని గాజు గొట్టాన్ని ఎత్తి పట్టుకుని ఉంది. నా చిన్నప్పుడు కరెంటు పోయిన సాయంత్రాల్లో లాంతరు మసకేస్తే దాని గాజును అచ్చం ఇలాగే ఎత్తేది.

"బతికింది చూడప్పా!" అంది సంబరంగా.

గొట్టం లేచాక బయటి గాలి లోపలికి వెళ్ళింది. పరీక్ష పాడైంది. సిలిండరులో నైట్రోజన్ కూడా అయిపోయింది. నాకు ఒళ్ళు తెలియలేదు. "అది ఆరిపోవాలమ్మా! దానికోసమే కదా నేను ఇన్నాళ్ళు చచ్చింది!" అని అరిచాను.

అమ్మ ముఖం చిన్నబోయింది. గొట్టాన్ని మెల్లగా దించింది. "ఎదురుగా దీపం మినుకు మినుకుమంటా ఉంటే చూస్తా కూర్చునే ఆడది యాడైనా ఉండాదా నాయనా? నా చెయ్యి ఊరుకోలే" అంది. నా కోపం మాత్రం తగ్గలేదు.

సోమవారం పొద్దున కెమిస్ట్రీ వాళ్ళను బతిమాలి ఇంకో సిలిండరు తెచ్చుకున్నాను. రాత్రి నా దగ్గరే ఉన్న అమ్మ కూడా వస్తానంది. "లోపలికి రాను, నడవాలో కూర్చుంటా. సరేనా?" అంది. తలుపు నేనే మూశాను.

ఈసారి తెర చూడబుద్ధి కాలేదు. మంటనే చూస్తూ కూర్చున్నాను. అది కుంచించుకుపోయింది. అడుగు నుంచి కాస్త ఎగిరి, మళ్ళీ వచ్చి అక్కడే పట్టుకుంది. నా పత్రం, సభ, అన్నీ అది ఆరడం మీదే ఉన్నాయి. అయినా ఆ నిమిషంలో అది ఆరకూడదనిపించింది. నా కుడిచెయ్యి గొట్టం దాకా వెళ్ళింది. ఎడమచేత్తో ఆ చేతిని పట్టుకుని ఒళ్ళోకి లాక్కున్నాను. మంట పోయింది. సంఘం అడిగింది మొత్తం కెమెరాలో పడింది.

బయటికి వచ్చాను. అమ్మ గబుక్కున లేచి నిలబడింది.

"ఏమాయె నాయనా?"

ఆరిపోయిందని చెబితే సరిపోయేది. నా పరిశోధనంతా ఆ మాట మీదే. అమ్మ ముఖం చూస్తూ అది అనలేకపోయాను.

"కొండెక్కిందమ్మా" అన్నాను.

అమ్మ చెప్పులు విడిచి, మూసిన ల్యాబు తలుపుకు దండం పెట్టింది.